రోబోకాపీ: 260 అక్షరాల హద్దుకు అవతల ఉండిపోయిన ఫైళ్ల కోసం

పాత విండోస్ సర్వర్ నుంచి గానీ, ఏళ్ల తరబడి ఎందరో వాడిన హార్డ్ డిస్క్ నుంచి గానీ ఫైళ్లన్నిటినీ కొత్త చోటికి తరలించేటప్పుడు, ఎక్స్‌ప్లోరర్ మధ్యలో ఆగి ఫలానా ఫైల్ పేరు మరీ పొడవుగా ఉందని చెప్పి, దాన్ని వదిలేయమంటారా అని అడుగుతుంది. వదిలేస్తే ఆ ఫైల్ కొత్త డిస్క్‌లోకి చేరదు. వదలకపోతే పని ముందుకు సాగదు. అది ఎక్కడో లోపలి ఫోల్డర్‌లో ఉన్న ఒక్క ఫైల్ అయితే పేరు మార్చి సరిపెట్టుకోవచ్చు గానీ, అలాంటివి వేల సంఖ్యలో ఉన్న డిస్క్ ముందు కూర్చున్నవారికి వేరే పనిముట్టు కావాలి. విండోస్ విస్టా నుంచి ప్రతి విండోస్‌లోను ముందే ఉండే రోబోకాపీ అనే కమాండ్ ఆ పనికి ఎంతవరకు సరిపోతుందో ఈ సమీక్షలో పరిశీలిస్తున్నాను. నా అభిప్రాయం మొదటే చెబుతాను: పొడవైన పాత్‌లను (డ్రైవ్ అక్షరం నుంచి ఫైల్ పేరు దాకా ఉండే పూర్తి చిరునామాలను) దాటించే విషయంలో విండోస్‌తో పాటు వచ్చే పనిముట్లలో దీనికి సాటి లేదు. అయితే దీని సహజ సెట్టింగులు (మనం ఏమీ చెప్పకపోతే అమలయ్యేవి) కొన్ని ప్రమాదకరమైనవి కాబట్టి, వాటిని తెలుసుకోకుండా దీన్ని విలువైన డేటా మీద ప్రయోగించకూడదు.

ఈ పనిముట్టు విలువ అర్థం కావాలంటే ముందు ఆ హద్దు ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి. విండోస్‌కు ముందటి ఆపరేటింగ్ సిస్టమ్ అయిన డాస్ 1981లో వచ్చింది; దాని మొదటి వెర్షన్‌లో ఫోల్డర్ లోపల ఫోల్డర్ అనే ఏర్పాటే లేదు. డిస్క్ మొత్తానికి ఒకే జాబితా ఉండేది. 1983లో వచ్చిన డాస్ 2.0 సబ్‌డైరెక్టరీలను తెచ్చింది గానీ, రూట్ నుంచి ఏ డైరెక్టరీ వరకైనా పాత్ 63 అక్షరాలకు మించకూడదని నియమం పెట్టింది. దానికి కారణం, ప్రతి డ్రైవ్‌లో వాడుకరి ప్రస్తుతం ఏ డైరెక్టరీలో ఉన్నాడో గుర్తుంచుకోవడానికి డాస్ తన మెమరీలో నిర్ణీత పరిమాణంలోనే స్థలం కేటాయించుకోవడం. ఒక్కొక్క అక్షరంతో పేర్లు పెట్టుకుంటూ పోయినా ముప్పై పై చిలుకు అంతస్తుల దగ్గర ఆ స్థలం నిండిపోతుంది. ఎనిమిది అక్షరాల పేర్లతో అయితే ఏడు అంతస్తులకే ముగుస్తుంది. కంప్యూటర్‌కు 640 కిలోబైట్ల మెమరీ ఉంటే గొప్ప అనుకున్న రోజుల్లో అది తప్పు నిర్ణయం కాదు.

విండోస్ 95 కాలానికి ఒక్కో పేరు 255 అక్షరాల వరకు ఉండవచ్చన్నారు, పూర్తి పాత్‌కు మాత్రం 260 అక్షరాల హద్దు పెట్టారు. ఆ 260లో డ్రైవ్ అక్షరం, కోలన్, బ్యాక్‌స్లాష్ కలిపి మూడు, అసలు పాత్‌కు 256, చివర ముగింపు గుర్తుగా ఉండే శూన్య అక్షరానికి ఒకటి. అంటే మన కంటికి కనిపించేది 259 మాత్రమే. ఫోల్డర్ తయారు చేయడానికైతే హద్దు ఇంకా తక్కువ, 248. ఏ ఫోల్డర్‌లోనైనా కనీసం పాత పద్ధతిలోని పన్నెండు అక్షరాల ఫైల్ పేరు ఒకటి పట్టాలన్నది ఆ తగ్గింపు వెనుక ఉన్న ఉద్దేశం. ఒక్క పేరుకే 255 ఇచ్చి మొత్తం పాత్‌కు 260 ఇవ్వడం అప్పటికే ఇరుకైన లెక్క. అయినా ఆ సంఖ్య వేలకొద్దీ ప్రోగ్రాముల్లోకి స్థిరాంకంగా వెళ్లిపోవడం వల్ల, తరువాత దాన్ని మార్చడం మైక్రోసాఫ్ట్‌కు సైతం సులువు కాలేదు.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. పాత వ్యవస్థల్లో కొన్ని లోతును లెక్కపెట్టాయి, కొన్ని పొడవును లెక్కపెట్టాయి. వీఎంఎస్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఫైళ్లను డిస్క్‌పై అమర్చే ఓడీఎస్-2 పద్ధతి ఎనిమిది అంతస్తుల డైరెక్టరీలనే అనుమతించింది. ఓపెన్ వీఎంఎస్ 7.2తో వచ్చిన ఓడీఎస్-5 వరకు ఆ నియమం సాగింది. సీడీల కోసం ఏర్పడిన ఐఎస్ఓ 9660 ప్రమాణం కూడా ఎనిమిది అంతస్తులే అన్నది. యూనిక్స్‌ను ఆ డిస్కుల మీదికి ఎక్కించాలనుకున్నవారు రాక్ రిడ్జ్ అనే పొడిగింపును రూపొందించి, ఎనిమిది దాటిన డైరెక్టరీలను పైకి తెచ్చి వేరొక చోట ఉంచి, చదివేటప్పుడు మళ్లీ వాటి అసలు స్థానంలో ఉన్నట్టు చూపించే ఏర్పాటు చేశారు. మల్టిక్స్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ లోతును పదహారు అంతస్తులకు, పాత్‌ను 168 అక్షరాలకు పరిమితం చేసి రెండు లెక్కలూ పెట్టుకున్నది. పాత యూనిక్స్ ఒక్కో పేరుకు 14 అక్షరాలే ఇచ్చినా లోతుకు ఏ హద్దూ పెట్టలేదు. ఈనాటి లైనక్స్‌లో 4096 బైట్ల హద్దు ఉన్నా, అది ఒక్కసారి కెర్నల్‌కు (వ్యవస్థ కేంద్ర భాగానికి) అందించే పాత్‌కే వర్తిస్తుంది; అంచెలంచెలుగా లోపలికి దిగుతూ పోతే దాన్ని దాటి కూడా డైరెక్టరీలు తయారవుతాయి. విండోస్ డిస్కుల్లో ఫైళ్లను అమర్చే ఫైల్ సిస్టమ్ అయిన ఎన్‌టీఎఫ్ఎస్ లోతును పట్టించుకోదు. అందువల్ల విండోస్‌లో మన సమస్య పూర్తిగా పొడవుకు సంబంధించినదే, పైగా అది డిస్క్ పెట్టిన హద్దు కాదు, డిస్క్‌కూ మనకూ మధ్య ఉన్న ప్రోగ్రాములు పెట్టుకున్న హద్దు.

ఆ కారణంగానే హద్దును మించిన ఫైళ్లు ఎవరూ గమనించకుండా పుట్టుకొస్తాయి. సర్వర్‌లో నాలుగైదు అంతస్తుల కింద ఉన్న ఒక ఫోల్డర్‌ను షేర్ చేసి, వాడుకరి కంప్యూటర్‌లో దానికొక డ్రైవ్ అక్షరం కేటాయిస్తారు. వాడుకరికి లెక్క ఆ డ్రైవ్ అక్షరం నుంచే మొదలవుతుంది కాబట్టి, తనకున్న 259 అక్షరాలనూ అతను నిశ్చింతగా వాడుకుంటాడు. అదే ఫైల్‌ను సర్వర్ దగ్గర కూర్చుని చూస్తే, పైన ఉన్న నాలుగైదు ఫోల్డర్ల పేర్లు కూడా కలిసి మూడు వందలు దాటి ఉంటుంది. మరొక మార్గం, పైన ఉన్న ఫోల్డర్‌కు పొడవైన పేరు పెట్టడం: పేరు మార్చేటప్పుడు లోపల ఉన్నవాటి పాత్‌లు ఎంతకు పెరిగాయో ఎన్‌టీఎఫ్ఎస్ చూడదు. ఈ రెండు సందర్భాల్లోను నిన్నటిదాకా తెరుచుకున్న ఫైల్ ఈరోజు తెరుచుకోదు, కాపీ కాదు, తొలగిపోదు.

రోబోకాపీ దీన్ని దాటే విధానం సరళమైనది. విండోస్ ఎన్‌టీలో పాత్‌కు ముందు \\?\ అనే నాలుగు గుర్తులు చేర్చితే, ఆ పాత్‌ను సరిచూసి సవరించే మామూలు దశలను వ్యవస్థ పక్కన పెట్టి, దాన్ని ఉన్నదున్నట్టుగా ఫైల్ సిస్టమ్‌కు అందిస్తుంది. అప్పుడు పాత్ సుమారు 32,767 అక్షరాల వరకు ఉండవచ్చు. రోబోకాపీ ఈ ఏర్పాటును ఏ ఆదేశమూ లేకుండా తనంతట తానే వాడుకుంటుంది. పొడవైన పాత్‌లు వద్దనుకుంటేనే /256 అనే స్విచ్ (కమాండ్‌కు జోడించే సూచన) ఇవ్వాలి. సహజ ప్రవర్తనే సరైన ప్రవర్తన కావడం ఈ పనిముట్టులో నేను అన్నిటికన్నా మెచ్చుకునే గుణం. దీని పక్కన విండోస్‌లోని పాత కాపీ కమాండ్ అయిన ఎక్స్‌కాపీని పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది: పాత్ 254 అక్షరాలు దాటగానే అది మెమరీ చాలలేదని చెప్పి ఆగిపోతుంది. ఆ సందేశాన్ని నమ్మి మెమరీ కొరత కోసం వెతికినవారికి అసలు కారణం ఎన్నటికీ దొరకదు. మధ్యలోని ఫోల్డర్‌కు సబ్‌స్ట్ కమాండ్‌తో ఒక డ్రైవ్ అక్షరం ఇచ్చి పాత్‌ను పొట్టి చేసే పాత ఉపాయం ఇప్పటికీ పనిచేస్తుంది గానీ, ఏ ఫోల్డర్ దగ్గర ఆ అక్షరం పెట్టాలో ప్రతిసారీ మనిషే చూసుకోవాలి. నాలుగు ఫైళ్లకైతే అది చాలు, డిస్క్ అంతటికీ చాలదు.

కాపీతో పాటు, మొండికేసిన ఫోల్డర్లను తొలగించడానికి కూడా దీన్ని విరివిగా వాడుతున్నారు. ఖాళీ ఫోల్డర్ ఒకటి తయారు చేసి, దాన్ని మూలంగాను, తొలగించవలసిన ఫోల్డర్‌ను గమ్యంగాను చూపించి, /ఎంఐఆర్ స్విచ్ ఇస్తే చాలు. గమ్యాన్ని అచ్చంగా మూలంలా చేయడం ఆ స్విచ్ పని. మూలంలో ఏమీ లేదు కనుక గమ్యంలో కూడా ఏమీ మిగలదు. ఎంత లోతున ఉన్నా, ఎంత పొడవున్నా అన్నీ పోతాయి, మిగిలిన ఖాళీ ఫోల్డర్‌ను మామూలుగా తీసివేయవచ్చు. ఎక్స్‌ప్లోరర్‌లో డిలీట్ నొక్కి విసిగిపోయినవారికి ఇంతకన్నా నమ్మకమైన మార్గం నాకు తెలియదు. అయితే ఇదే స్విచ్‌తో బ్యాకప్ చేసేటప్పుడు మూలాన్నీ గమ్యాన్నీ తారుమారు చేసి రాస్తే, ఖాళీగా ఉన్న కొత్త డిస్క్‌ను చూసి పాత డిస్క్‌లోని సర్వస్వాన్నీ తుడిచివేస్తుంది. ముందు హెచ్చరించదు, అవునా కాదా అని అడగదు, తీసివేసినవి రీసైకిల్ బిన్‌లోకి వెళ్లవు. కనుక /ఎంఐఆర్ రాసిన ప్రతిసారీ మొదట /ఎల్ స్విచ్ జోడించి, ఏం చేయబోతోందో జాబితాగా మాత్రమే చూపించమని అడిగి, ఆ జాబితా చదివిన తరువాతే అసలు ఆదేశం ఇవ్వాలి.

నాకు బొత్తిగా నచ్చని విషయం జంక్షన్ల (ఫోల్డర్‌లా కనిపిస్తూ వేరొక ఫోల్డర్‌కు దారితీసే లింకుల) పట్ల దీని వైఖరి. విస్టా నుంచి ప్రతి యూజర్ ప్రొఫైల్‌లోను, యాప్‌డేటా ఫోల్డర్‌లోని లోకల్ లోపల, అప్లికేషన్ డేటా పేరుతో ఒక జంక్షన్ ఉంటుంది. ఎక్స్‌పీ కాలపు ప్రోగ్రాములు పాత చిరునామాలో వెతికినా ఫైళ్లు దొరకాలని పెట్టిన ఏర్పాటు అది. ఆ జంక్షన్ తాను ఉన్న లోకల్ ఫోల్డర్‌నే తిరిగి చూపిస్తుంది. కాబట్టి దాన్ని నిజమైన ఫోల్డర్ అనుకుని లోపలికి వెళ్లిన ఏ ప్రోగ్రామ్‌కైనా అందులో మళ్లీ అదే అప్లికేషన్ డేటా, దాని లోపల మళ్లీ అదే కనిపిస్తూ ఉంటుంది. మామూలుగా దానిలోని జాబితాను ఎవరూ చదవకుండా అనుమతుల ద్వారా అడ్డుకట్ట వేసి ఉంచారు. కానీ రోబోకాపీని /బీ స్విచ్‌తో బ్యాకప్ మోడ్‌లో నడిపితే అది అనుమతులను దాటి చదువుతుంది, అడ్డుకట్ట తొలగిపోతుంది. అప్పుడు గమ్యంలో జంక్షన్ల స్థానంలో నిజమైన ఫోల్డర్లు, ఒకదానిలో ఒకటిగా, ప్రతి అంతస్తులోను అవే ఫైళ్ల మరో ప్రతితో తయారవుతూ పోతాయి. పొడవైన పాత్‌లు తెలియని ప్రోగ్రామ్ అయితే 260 దగ్గర తడబడి ఆగిపోయేది. రోబోకాపీకి ఆ హద్దు లేదు కాబట్టి దాన్ని దాటి లోపలికి సాగుతుంది, ఎక్స్‌ప్లోరర్ తొలగించలేని ఫోల్డర్ల వరుసను తానే సృష్టించి పెడుతుంది. /ఎక్స్‌జే స్విచ్ ఇస్తే జంక్షన్లను వదిలేస్తుంది, ఈ గొడవ ఉండదు. యూజర్ ప్రొఫైళ్లు ఉన్న డిస్క్‌ను కాపీ చేసేవారు దాన్ని తప్పనిసరిగా రాయాలి. ఇంత హాని చేయగల ప్రవర్తన సహజ సెట్టింగుగా ఉండి, దాన్ని ఆపడానికి వేరే స్విచ్ కావలసి రావడం రూపకల్పనలోని లోపమనే నేను భావిస్తున్నాను.

మళ్లీ ప్రయత్నించే సంఖ్య విషయంలో కూడా ఇదే ఫిర్యాదు. ఒక ఫైల్ తెరుచుకోకపోతే రోబోకాపీ 30 సెకన్లు ఆగి మళ్లీ ప్రయత్నిస్తుంది, సహజ సెట్టింగులో అలా పది లక్షల సార్లు చేస్తుంది. లెక్క వేస్తే ఒక్క ఫైల్ దగ్గరే దాదాపు 347 రోజులు నిలబడి ఉంటుంది. పాత డిస్క్‌లో చెడిపోయిన సెక్టార్ ఒక్కటి ఉన్నా, రాత్రి మొదలుపెట్టిన పని తెల్లవారేసరికి ఆ ఫైల్ దగ్గరే ఉంటుంది. చెడిపోతున్న డిస్క్‌ను పదే పదే చదివించడం దానికి మరింత చేటు కూడా. /ఆర్:1 /డబ్ల్యూ:1 అని రాసి, చదవలేని ఫైళ్లను మరొక్క మాటు ప్రయత్నించి వదిలి ముందుకు వెళ్లేలా చేయడమే మేలు. వదిలినవి లాగ్‌లో నమోదవుతాయి, వాటి సంగతి తరువాత విడిగా చూసుకోవచ్చు.

పాత ఫైల్ సిస్టముల పట్ల దీనికి ఉన్న శ్రద్ధను మాత్రం ప్రశంసించాలి. ఫ్యాట్ డిస్కుల్లో ఫైల్ సవరించిన సమయం రెండేసి సెకన్ల లెక్కన నమోదవుతుంది. ఎన్‌టీఎఫ్ఎస్‌లో అంతకన్నా ఎన్నో రెట్లు సూక్ష్మంగా నమోదవుతుంది. ఈ రెంటి మధ్య కాపీ చేసి, తరువాత మారిన ఫైళ్లు మాత్రమే మళ్లీ కాపీ చేయమంటే, సమయాలు సరిపోలక, మారనివి సైతం మారినట్టు కనిపిస్తాయి. /ఎఫ్ఎఫ్‌టీ స్విచ్ ఇస్తే రెండు సెకన్ల తేడాను పట్టించుకోదు. గమ్యంలో ఎనిమిది, మూడు అక్షరాల పాత పద్ధతి పేర్లే ఉండాలంటే /ఫ్యాట్ అనే స్విచ్ కూడా ఉంది. ఫైళ్ల తేదీలను అడగకుండానే కాపాడుతుంది గానీ, ఫోల్డర్ల తేదీలు నిలవాలంటే /డీకాపీ:డీఏటీ అని విడిగా చెప్పాలి. పాత రికార్డుల ఫోల్డర్లు ఎప్పటివో తేదీని బట్టే గుర్తుపట్టేవారికి ఇది ముఖ్యం, ఎందుకంటే ఒకసారి పోయిన ఆ తేదీలు పాత డిస్క్ దగ్గర లేకపోతే తిరిగి రావు.

తెలుగులో ఫైల్ పేర్లు పెట్టుకునేవారు రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. /లాగ్ స్విచ్‌తో తయారయ్యే నివేదికలో తెలుగు అక్షరాల స్థానంలో ప్రశ్నార్థకాలు కనిపిస్తాయి, వదిలిన ఫైల్ ఏదో తెలియకుండా పోతుంది. /యూనిలాగ్ వాడితే పేర్లు సరిగా నమోదవుతాయి. రెండవది హద్దుకు సంబంధించినది. ఎన్‌టీఎఫ్ఎస్ ఒక్కో పేరుకు 255 యూటీఎఫ్-16 యూనిట్లు ఇస్తుంది, తెలుగులో ప్రతి అక్షరరూపం, ప్రతి గుణింతపు గుర్తు, ప్రతి పొల్లు ఒక్కొక్క యూనిట్ తీసుకుంటుంది. లైనక్స్‌లోని ఈఎక్స్‌టీ4 కూడా 255 అనే అంటుంది, అయితే అవి బైట్లు. యూటీఎఫ్-8లో ఆ గుర్తుల్లో ప్రతిదీ మూడు బైట్లు కాబట్టి అక్కడ పట్టేవి 85 మాత్రమే. విండోస్‌లో హాయిగా ఉన్న పొడవైన తెలుగు పేరు లైనక్స్ సర్వర్‌లోకి వెళ్లబోతే అక్కడ తిరస్కరణకు గురవుతుంది. అది పాత్ పొడవు సమస్య కాదు, ఒక్క పేరు పొడవు సమస్య. కనుక రోబోకాపీ కూడా అక్కడ ఏమీ చేయలేదు.

అసలు ఈ పనిముట్టు దేన్నీ పొట్టి చేయదని స్పష్టంగా తెలుసుకోవాలి. మూడు వందల అక్షరాల పాత్‌ను అది మూడు వందల అక్షరాలతోనే గమ్యానికి చేరుస్తుంది. ఫైల్ భద్రంగా ఉంటుంది, కానీ దాన్ని తెరవవలసిన ప్రోగ్రామ్ పాతదైతే తెరవలేదు. 2016లో వచ్చిన విండోస్ 10లోని 1607 వెర్షన్ నుంచి, విండోస్ సెట్టింగులు ఉండే రిజిస్ట్రీలో లాంగ్‌పాత్స్‌ఎనేబుల్డ్ అనే విలువను 1గా మార్చి 260 హద్దును ఎత్తివేయవచ్చు గానీ, తనకు పొడవైన పాత్‌లు తెలుసునని ఆయా ప్రోగ్రామ్ కూడా తన మానిఫెస్ట్‌లో (తన గురించి విండోస్‌కు చెప్పే వివరాల పట్టీలో) ప్రకటించుకుంటేనే అది ఫలిస్తుంది. రెండింటిలో ఏది లేకపోయినా పాత హద్దే అమలులో ఉంటుంది. రిజిస్ట్రీ మార్చగానే అంతా సరిపోతుందని చెప్పే సలహాలు ఈ రెండవ సగాన్ని వదిలివేస్తున్నాయి.

అందుచేత నేను పాటించే క్రమం ఇది. ఏదీ కాపీ చేయకముందే /ఎల్, /ఎస్, /ఎఫ్‌పీ స్విచ్‌లతో రోబోకాపీని నడిపి, డిస్క్‌లోని ప్రతి ఫైల్ పూర్తి పాత్‌ను లాగ్‌లోకి రాయిస్తాను. ఆ జాబితాను స్ప్రెడ్‌షీట్‌లో పొడవును బట్టి అమర్చితే, హద్దు దాటినవన్నీ సాధారణంగా రెండు మూడు శాఖల కిందే గుంపుగా ఉన్నట్టు తేలుతుంది. ఆ శాఖల్లో పైన ఉన్న ఫోల్డర్ పేర్లను కుదించడం కొత్త డిస్క్‌లోకి కాపీ పూర్తయ్యాక అక్కడే చేస్తాను. పాత డిస్క్‌ను ముట్టుకోను. పై అంతస్తులో ఇరవై అక్షరాలు తగ్గిస్తే కింద ఉన్న ప్రతి ఫైల్‌కు ఇరవై తగ్గినట్టే కనుక, వేల ఫైళ్ల సమస్య కొద్ది పేర్ల మార్పుతో తీరుతుంది. పేర్లు మార్చడానికి ముందు, ఆ పాత్‌లను లోపల రాసుకున్న స్ప్రెడ్‌షీట్ లింకులు, షార్ట్‌కట్లు ఉన్నాయేమో చూసుకోవాలి, అవి తెగిపోతాయి.

కమాండ్ రాసేటప్పుడు ఎదురయ్యే చిన్న చిక్కు ఒకటుంది. పాత్‌ను కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి చివర బ్యాక్‌స్లాష్ వదిలితే, ఆ బ్యాక్‌స్లాష్ ముగింపు కొటేషన్‌ను మింగేసి, తరువాతి మాటలన్నీ పాత్‌లో భాగమైపోతాయి. చివరి బ్యాక్‌స్లాష్ తీసివేయాలి. బ్యాచ్ ఫైల్‌లో వాడేవారు ముగింపు కోడ్‌ను కూడా తెలుసుకోవాలి: ఇతర ప్రోగ్రాముల మాదిరిగా సున్నా కానిదంతా వైఫల్యం అనుకోకూడదు, ఇక్కడ 1 అంటే ఫైళ్లు సక్రమంగా కాపీ అయ్యాయని అర్థం, 8 మొదలుకొని పైవి మాత్రమే వైఫల్యాలు. ఇంకొకటి, రోబోకాపీ కాపీ అయిన ఫైల్‌ను మూలంతో బైటు బైటూ పోల్చి చూడదు. పరిమాణం, సమయం సరిపోతే చాలనుకుంటుంది. చట్టపరమైన రికార్డుల వంటివి తరలించేవారు హాష్ విలువలను (ఫైల్‌లోని డేటా నుంచి లెక్కించే గుర్తింపు విలువలను) వేరే పనిముట్టుతో సరిచూసుకోవాలి.

పాత డిస్క్ ఎక్స్‌పీ కంప్యూటర్‌లో ఉంటే, అక్కడ రోబోకాపీ ముందే ఉండదు. మైక్రోసాఫ్ట్ అప్పట్లో రిసోర్స్ కిట్ ద్వారా విడిగా ఇచ్చింది. దాని కోసం వెతికే బదులు ఆ డిస్క్‌ను తీసి కొత్త కంప్యూటర్‌కు తగిలించి, అక్కడి రోబోకాపీతోనే చదివించడం మంచిది. విండోస్ 7 నుంచి ఉన్న /ఎంటీ స్విచ్ ఒకేసారి అనేక ఫైళ్లను కాపీ చేయిస్తుంది, మామూలుగా ఎనిమిది చొప్పున. ఆరోగ్యంగా ఉన్న డిస్కుల మధ్య చిన్న చిన్న ఫైళ్లు లక్షల్లో ఉంటే దానివల్ల సమయం బాగా కలిసివస్తుంది. వయసు మీరిన డిస్క్ విషయంలో మాత్రం ఆ స్విచ్ వాడకుండా, ఒక్కొక్క ఫైల్‌ను నిదానంగా చదవనివ్వాలి.